అక్క కూర్చోవాల్సిన నాలుగు గంటలు

దుబాయ్‌లో ఉన్న మా మేనకోడలికి నెలలు నిండుతున్నాయి. విమానం ఎక్కొద్దని డాక్టర్ చెప్పడంతో పురుటికి పుట్టింటికి రాలేకపోయింది. ఇక పుట్టింటినే అక్కడికి పంపాలి. పుట్టిల్లంటే మర్రిగూడలో ఉండే మా అక్క. ఆ ఊరి ఫ్లోరైడ్ బోరునీళ్లు ఎముకల్లోకి దిగిన మనిషి. మోకాళ్లు సరిగా వంగవు, గంటసేపు కూర్చుంటే లేచి నిలబడాల్సిందే.

"పసిపిల్లకు నీళ్లెవరు పోస్తరు? నేనే పోవాలె," అంది అక్క. "గని ఎంతసేపు కూసోవాలె తమ్మీ?"

పేపర్లో పనిచేసినవాణ్ని కాబట్టి దూరాలు నాకే తెలుసని మా ఇంట్లో నమ్మకం. ఉద్యోగమున్నన్నాళ్లూ ప్రతి దొంగతనాన్నీ పోలీస్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో జరిపించినవాణ్ని. ఫోన్లో చూసి చెప్పాను. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటలు.

"గంతేనా? కూసునుడు ఇంట్లనే నేర్పుదాం," అన్నాడు బావ. టెంట్‌హౌజ్ నుంచి కుర్చీ తెచ్చి వాకిట్లో వేసి అక్కను కూర్చోబెట్టాడు. కాసేపటికే మేక అరిచింది. అక్క లేచి దానికింత తుమ్మకొమ్మ వేసి వచ్చింది.

"గిప్పుడు యాడ దిగినవో ఎర్కేనా? సముద్రంల," అన్నాడు బావ.

"మేకకు నువ్వేస్తే నేనెందుకు దిగుదును?"

వారం తిరిగేసరికి, మధ్యమధ్య లేచి నిలబడుతూ, అక్క వాకిట్లోనే దుబాయ్ చేరింది. దారిన పోయేవాళ్లు కూడా "దిగినవా అక్కా?" అని పలకరించసాగారు.

అసలు ప్రయాణం రోజున తెలిసింది, నేను చెప్పిన లెక్క విమానానిదని. మనిషి ముందు శంషాబాద్ చేరాలి, అక్కడ గంటల ముందే లోపలికి వెళ్లాలి. వెళ్లాక విమానం ఆలస్యమన్నారు. నేనూ బావా బయట నిలబడి ఉంటే లోపల్నుంచి ఫోన్ వచ్చింది.

"తమ్మీ, నీ నాలుగు గంటలు గీడనే ఒడిసినయ్. ఇంకా ఎక్కనే లే."

మర్నాడు దుబాయ్ నుంచి మాట్లాడింది. సగం దారి విమానంలో వెనక్కి పోయి నిలబడే ఉందట. "దేవరకొండ బస్సు లెక్కనే," అంది.

"గంత టికెట్ పెట్టి నిలబడ్డవా?" అని బావ చాలాసేపు బాధపడ్డాడు.

పాప పుట్టాక ఒక పొద్దున మేనకోడలు వీడియో కాల్ చేసింది. స్నానాల గదిలో అక్కను ఇద్దరు పట్టి నేలమీద కూర్చోబెట్టారట. కాళ్లు రెండూ తిన్నగా ముందుకు చాపి ఉంది. వాటి మీద పాప బోర్లా పడుకుంది. అల్లుడు చెంబుతో నీళ్లు అందిస్తున్నాడు.

"కూసున్నవు సరే, లేసుడెట్లనే?" అన్నాడు బావ.

అక్క పాప వీపు రుద్దుతూ తలెత్తలేదు.

"ముందు పిల్లకు నీళ్లు పొయ్యనియ్యి. లేసుడు సంగతి ఎనక చూద్దాం."