సత్తమ్మ వదిలేసిన చాయ్

నాచారం ఫ్యాక్టరీల వైపు తిరిగే మలుపులో, ఒక నీలం పరదా కింద ఉండేది సత్తమ్మ చాయ్ బండి. పొద్దున షిఫ్టుకు పోయేవాళ్లూ, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లూ అక్కడే ఎదురుపడేవాళ్లు. జనగామ దగ్గరి పల్లె నుంచి భర్త రాజయ్య వెంట పట్నం వచ్చి, ఆయన పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఆమె పెట్టుకున్న బండి అది. ఆ బండికి ఒకటే చట్టం. గిన్నె దించగానే మొదటి గుక్క సత్తమ్మది. పాలు ఒకరోజు చిక్కగా వస్తాయి, ఒకరోజు నీళ్లలా వస్తాయి. అల్లం ఒకసారి ఘాటు, ఒకసారి వట్టి పీచు. కొలతల్ని నమ్ముకుంటే కొంప మునుగుతుందని ఆమె తన నాలుకనే నమ్ముకుంది. ఆ గుక్క గొంతు దిగి, ఆమె తల ఊపితేనే గ్లాసులు నిండేవి. ఫ్యాక్టరీ సైరన్ మోగుతున్నా సరే, ఆ తల ఊగేదాకా ఎవరైనా ఆగాల్సిందే.

ఇక రాజయ్య. మనిషి బంగారం. రుచి సంగతి మాత్రం ఆయన్ను అడగడమూ గోడను అడగడమూ ఒకటే. ఏం పెట్టినా "మస్తుంది" అంటాడు. ఉప్పు మరిచిన పప్పూ మస్తుంది, మాడిన వంకాయ కూరా మస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ మాటకు మురిసిపోయిన సత్తమ్మ, పోనుపోను దాన్ని చెవికి ఎక్కించుకోవడం మానేసింది.

తెలంగాణ రావడానికి ఇంకా మూడు నాలుగేళ్లుందనగా, ఒక చలికాలం, ఉప్పల్‌లోని వాళ్ల కాలనీ వాళ్లంతా గుంపు కట్టి కాశీకి పోయారు. సత్తమ్మా రాజయ్యా పోయారు. పక్కింటి కమలకుమారి టీచరు కూడా వచ్చింది. ఆవిడది ఏలూరు, ఉప్పల్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడి మనిషే అయిపోయింది.

కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైనదొకటి గంగలో వదిలి రావాలి. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ దాన్ని ముట్టకూడదు. మనవాళ్లు దీనికీ ఒక దొడ్డిదారి కనిపెట్టారు. ఎన్నడూ తినని కాయ ఏదో చూసుకుని దాన్ని వదిలేస్తారు. రాజయ్య కాకరకాయ వదిలాడు. టీచరు పనసకాయ వదిలింది. పాపం ఆ గంగమ్మ ఇప్పటికి ఎన్ని కాకరకాయలు మోసిందో!

సత్తమ్మ చన్నీళ్లలో మునిగి లేచి, పళ్లు టకటక కొట్టుకుంటుండగా కళ్లు మూసుకుంది. నీకు ఇష్టమైనదేందని తనను తానే అడిగింది. ఆ చలిలో ఇంకేం గుర్తొస్తుంది?

"చాయ్ ఇడిసిపెట్టిన తల్లీ!" అనేసింది, గట్టు మీదివాళ్లందరికీ వినబడేటట్టు.

రాజయ్య తడి పంచెతోనే నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఏం పనే అది? ఏ బీరకాయో సొరకాయో దొరకలేదా నీకు? రేపటి సంది చాయ్ రుచి ఎట్ల సూస్తవ్? బండి ఎట్ల నడుస్తది?"

"గంగమ్మ ముంగట నిలవడి అబద్ధమెట్ల ఆడుత?" అందామె. అన్నదే గాని, బండి దిగులు అప్పుడే పట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆ దిగులే ఆమె పక్కన సీటు వేసుకుని కూర్చుంది. సికింద్రాబాద్ బండి రావడమే ఆలస్యంగా వచ్చింది. వచ్చిందీ ఎద్దుబండికి తమ్ముడిలా నడిచి, అలహాబాద్ చేరకముందే పేరు తెలియని ఒక చిన్న స్టేషన్లో పొద్దున్నే చతికిలబడింది. కిటికీలోంచి చూస్తే పక్క పట్టాలు కూడా కనబడడం లేదు. పొగమంచు తేలేదాకా కదలదని గార్డు చెప్పిపోయాడు.

కాలనీవాళ్లు మాత్రం దాన్నొక పండుగ చేసుకున్నారు. సర్వపిండి డబ్బాలు విప్పారు, తొక్కుల సీసాలు చేతులు మారాయి, ఇంకో మూలన అంత్యాక్షరి మొదలైంది. దుప్పటి కప్పుకుని రాజయ్య కూడా ఒక పాట అందుకున్నాడు. సత్తమ్మ ఒక్కతే కిటికీ చువ్వలు పట్టుకుని కూర్చుంది. బండి ఎంత ఆలస్యమైతే అంత మంచిదనిపించింది. నాచారం చేరాక గిన్నె దించి, ఏ ధైర్యంతో ఒకరి చేతికి గ్లాసు ఇవ్వాలి?

"సత్తమ్మా, రా, కాళ్లు చల్లబడిపోయాయి, కాస్త తిరుగుదాం" అని టీచరు లాగితే, రాజయ్యతో కలిసి ముగ్గురూ ప్లాట్‌ఫారం మీదికి దిగారు. అక్కడున్నది ఒక్కటే చాయ్ కొట్టు, దాని వెనక ఒక్కడే ముసలాయన. రైలంతా దిగి ఆయన మీద పడింది. ఆయన ఇటు కప్పులు అందిస్తుంటే, అటు బొగ్గుల పొయ్యి మీద పాలు పైకి లేస్తున్నాయి.

పాలు పొంగుతుంటే సత్తమ్మ చూస్తూ ఊరుకోగలదా? అంతమందినీ తోసుకుని పోయి, కొంగుతో గిన్నె పట్టి దించింది. ముసలాయన ఆమె చేతుల వైపు ఒకసారి చూశాడు. చాయ్‌పత్తి డబ్బా ఆమె వైపు జరిపాడు.

పత్తి వేసింది, అల్లం దంచింది, శక్కెర పోసింది. మరిగింది. అలవాటు కొద్దీ ఒక మట్టికప్పులో పోసుకుని పెదవుల దాకా తెచ్చింది.

"సత్తమ్మా! గంగ!" టీచరు కేక పెట్టింది.

చెయ్యి ఆగిపోయింది. జనం కప్పులు చాచి నిలబడ్డారు. సత్తమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకేం తోచక ఆ కప్పు రాజయ్య చేతిలో పెట్టింది.

"జర రుచి సూడు. నిజం జెప్పాలె."

రాజయ్య ఒక గుక్క తాగాడు. "మస్తుంది" అన్నాడు. అంటూ ఎడమ చెవి గోక్కున్నాడు.

ఆమె కళ్లు ఆ చెవి దగ్గరే నిలిచిపోయాయి. ఉప్పు మరిచిన పప్పు నాడు ఆ చెవే. వంకాయ మాడిన నాడూ ఆ చెవే. మామిడికాయ పప్పు చేసిన నాడు మాత్రం ఆ చెయ్యి కదిలిన పాపాన పోలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి ఒక్కనాడూ నిజం దాచలేదు, తానే చూసుకోలేదు!

ఇంకాస్త అల్లం వేసి మళ్లీ మరిగించింది. "ఇప్పుడు?"

"మస్తుంది." చెయ్యి పైకి లేచింది గాని చెవి దాకా పోలేదు.

చిటికెడు పత్తి. ఇంకో పొంగు. ఈసారి రాజయ్య ఏమీ అనలేదు. రెండు చేతులా కప్పు పట్టుకుని, కళ్లు మూసుకుని అడుగుదాకా తాగి, కప్పులోకి ఇంకేమైనా ఉందా అన్నట్టు తొంగి చూశాడు.

సత్తమ్మ తల ఊపింది. ఆ తర్వాత ఆ స్టేషన్లో చలి అన్న మాట ఎవరూ ఎత్తలేదు. డ్రైవరు కూడా దిగి వచ్చి తాగాడు. ముసలాయన బల్ల మీద కూర్చుని, తన కొట్టులో తానే చుట్టమై, కాళ్లు ఊపుతూ చాయ్ తాగాడు. పొగమంచు తేలి బండి కూత వేసేసరికి సత్తమ్మ ముఖం వెలిగిపోతోంది. తొందరగా ఇల్లు చేరాలని ఆమెకు ఆ యాత్రలో మొదటిసారి అనిపించింది.

నాచారంలో బండి మళ్లీ తెరిచిన పొద్దున, మొదటి గ్లాసు రాజయ్యది. ఇప్పుడు ఆయనకొక స్టూలు, ఆ స్టూలుకొక హోదా. గుక్క తాగి, గొంతు సవరించుకుని "మస్తుంది" అని నలుగురి వైపూ చూస్తాడు. "నేను జెప్పందే మా సత్తమ్మ ఒక్క గ్లాసు పొయ్యదు" అని షిఫ్టుకు పోయేవాళ్లకు గొప్పగా చెప్పుకుంటాడు. అది అబద్ధమేమీ కాదు.

ఒకరోజు కమలకుమారి టీచరు బండి దగ్గరికొచ్చి, రాజయ్యకు వినబడకుండా అడిగింది. "ఆ చెవి సంగతి ఆయనకు చెప్పావా?"

"జెప్తనా టీచరమ్మా? జెప్తె రేపటి సంది చెయ్యి జేబుల పెట్టుకుంటడు" అని నవ్వి, సత్తమ్మ గిన్నె పొయ్యి మీదికెక్కించింది.