తట్టిన చోట కూర్చునే పిల్లవాడు

మా యారాలు, అంటే మా బావగారి భార్య, ఎక్కడ కూర్చున్నా పక్కన నేలను అరచేత్తో రెండుసార్లు తట్టేది. వాళ్ల బాబు వచ్చి అక్కడ బొమ్మలా కూర్చునేవాడు. "సూడు, పెంపకమంటే అట్లుండాలె" అనేది మా అత్త. నాకు ఒళ్లు మండేది. నా కొడుకు అప్పటికే మా కిరాణా దుకాణంలో బస్తాలెక్కి దూకి, కందిపప్పులో బియ్యం కలిపేసి ఉండేవాడు.

మేమిద్దరం ఒకేసారి కడుపుతో ఉన్నాం. వంటకు ఒకరుండాలని, తల్లిగారింటికి ఒక్కరినే పంపుతానంది అత్త. రోజూ నాకే కళ్లు తిరిగేవి. అయినా పెద్దకోడలని ఆమెనే ధన్నూరకు, వాళ్ల తల్లిగారింటికి పంపింది. నేను బీదర్‌లో పొయ్యి పొగలోనే ఉండి, ఎనిమిదో నెలలో పిడికెడంత పిల్లవాణ్ని కన్నాను.

రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన ఏడాది వాణ్ని డాక్టరమ్మకు చూపించాం. యారాలు తోడొచ్చింది.

"నెలలు నిండక పుట్టినోళ్లల్ల కొందరు ఇట్ల నిలకడ లేకుంట ఉంటరు. గదే కారణమని గట్టిగ చెప్పలేం. కడుపుతోని ఉన్నప్పుడు ఏమన్న కష్టమైందా?" అని నన్నడిగింది డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోపే యారాలు అందుకుంది. "తప్పు నాది డాక్టరమ్మా. తల్లిగారింటికి ఈమె పోవాల్సి ఉండె. నేను పోయిన."

డాక్టరమ్మ ఆమెను ఎంత మెచ్చుకోలుగా చూసిందో! ఆరేళ్లుగా ఆ మాట నా గొంతులోనే ఉంది. చివరికి దాన్ని కూడా ఆమే ముందు చెప్పి, మంచిదనిపించుకుంది.

ధన్నూరకు వెళ్లినందుకు ఆమెను ఎప్పుడో క్షమించాను. ఆ మాట చెప్పినందుకు మాత్రం ఇంకా క్షమించలేదు.