ఫొటో కోసం వెనక్కి వేసిన రెండడుగులు

మిత్రులారా, ఈ రోజు బండారులంకలో నా వల్ల ఒక పెళ్లికూతురు చీర లేకుండా పీటల మీద కూర్చోబోయింది.

మా ఫ్రెండు వాళ్లమ్మగారు, అంటే పిన్నిగారు, వాట్సాప్‌లో పెట్టడానికి వాళ్లు నేసిన చీరని ఫొటో తియ్యమన్నారు. ఇంట్లో మంచి ఫొటో రావాలంటే ఫ్లాష్ ఆపాలి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడాలి అని ఉపన్యాసమిచ్చి, నీడ పడుతోందని మగ్గం మీదున్న బాబాయిగారిని కూడా లేపేశాను. అంచు మొత్తం రావాలని రెండడుగులు వెనక్కి వేశాను. రెండో అడుగుకి నేల లేదు. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో నడుందాకా దిగిపోయాను. ఫోను ఎగిరి మగ్గం మీద బిగించిన పట్టుపోగుల మీద పడింది. టప్ టప్‌మని ఏవో తెగాయి. మగ్గం మీదున్నది ఎల్లుండి పెళ్లికి ఇవ్వాల్సిన ఇంకో చీర.

బాబాయిగారు వంగి చూస్తున్నారు. గుంటలోంచే అడిగాను.

“పాడైపోయిందాండీ?”

“ఆయ్.”

“మొత్తం పోయిందాండీ?”

“ఆయ్.”

పిన్నిగారు అందుకున్నారు: “ఆయన పోగులు లెక్కెడుతున్నారు బాబూ. ఇప్పుడు ఇల్లు తగలబడుతోందన్నా ఆయ్ అనే అంటారు!”

చివరికి ఆయన తలెత్తేరు. “ఏడు పోగులేనండి, అతికేస్తాను. మీకు దెబ్బ తగల్లేదు కదా?”

అప్పుడు గుర్తొచ్చింది, నేనింకా గుంటలోనే ఉన్నానని.

ఈసారి ముందే చెప్పి వస్తే గుంట మీద చెక్క వేసి ఉంచుతారట. తిట్టినా బాగుండేది, ఇంత మర్యాదగా పిలుస్తుంటే మరీ భయంగా ఉంది. వెళ్లమంటారా, మానెయ్యమంటారా?