నైరుతి మూలలో ఊఫర్

మా సొసైటీలో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే చెప్పుకునే కథ ఒకటుంది. మా ఆయనకి సినిమా పిచ్చిట, హాలుని థియేటర్ చేసేశారుట, పాపం ఆవిడ తలనొప్పి మాత్రలు మింగుతూ భరిస్తోందిట. ఈ కథ నడుస్తున్నంతసేపూ మా ఆయన పక్కనే నిలబడి, కాదని ఒక్క మాటైనా అనకుండా, వినయంగా నవ్వుతారు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండుతుంది. పిచ్చి నాది. తలనొప్పి ఆయనది. ఘాజియాబాద్‌లోని ఈ రెండో అంతస్తు ఫ్లాట్‌కి ఐదు స్పీకర్లూ, దడదడల కోసం ఒక ఊఫరూ రావాలని ఏడాది పొడుగునా వాదించి గెలిచినది నేను. నేల మీద పాకినదీ నేనే. ఆ పాకడం మాత్రం కథలో ఉంది లెండి, కాకపోతే చెవిపోగు పోతే వెతుక్కున్నానని చెబుతారు.

తెనాలిలో మా పుట్టిల్లు సినిమా హాలు వెనక గోడకి ఆనుకుని ఉండేది. తెరకి ఈవైపు జనం, ఆవైపు మేము. మాటలు గోడ దాటేవి కావు, పాటలూ దాటేవి కావు. దాటి వచ్చేది దడదడ ఒక్కటే. అన్నం తింటుంటే గ్లాసులో మజ్జిగ వణికేది. "విలన్ దిగాడే" అనేది మా అమ్మ, చారు వడ్డిస్తూ. రైలొచ్చినా, ఉరిమినా, ఇద్దరు కొట్టుకున్నా, నేను అరికాళ్లతో చూసేదాన్ని. అలా పెరిగిన మనిషిని టీవీకున్న బుల్లి స్పీకర్లతో సినిమా చూడమంటే ఎలా? అందులో ఉరుము ఉరిమితే అప్పడం విరిగినట్టుంటుంది.

సామాను వచ్చింది. వైర్లన్నీ మా ఆయనే కలిపారు, ఆ మర్యాద ఆయనకి దక్కాల్సిందే. ఆ తరవాత, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్ టీవీ తెర మీద ఒక ప్రశ్న వేసింది: మీ స్పీకర్లు పెద్దవా, చిన్నవా?

"పెద్దవి" అని నొక్కేశారు.

"ఏవండీ, అవి మన బియ్యం డబ్బాలో సగం లేవు."

"ఇంత పెట్టి కొనుక్కుని మన చేత్తో మనం చిన్నవని రాసుకుంటామా?"

ఊఫర్ ఎక్కడ ఉండాలన్నది అత్తగారి శాఖ. మాతోనే ఉంటారావిడ, వాస్తు ఆవిడతో ఉంటుంది. "బరువు నైరుతిలో పడాలమ్మాయ్. బీరువా అక్కడే, సూట్‌కేసులు అక్కడే. ఇదీ అక్కడే" అన్నారు. సూట్‌కేసుల పక్కన ఊఫర్ కూడా, ఏదో ఊరెళ్లబోతున్నట్టు కూర్చుంది.

ఆ సాయంత్రం సినిమా పెట్టాం. ఊఫర్ కిక్కురుమనలేదు. మా ఆయన "అబ్బ, ఏం ఎఫెక్టు!" అన్నారు. అత్తగారు నిద్రపోయారు.

మర్నాడు నేను మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను. అందులో ఉన్న సంగతి ఇంట్లో పనులు పంచడం లాంటిదే. స్పీకర్లు పెద్దవని ఒప్పుకుంటే మూలుగులూ ఉరుములూ కూడా అవే మొయ్యాలి. పాపం వాటికి అంత దమ్ము లేదు. చిన్నవని చెబితే ఒక గీత గియ్యమంటుంది. గీతకి పైనున్నదంతా స్పీకర్లు పాడతాయి, కిందిదంతా ఊఫర్ మోస్తుంది. బస్తా ఎత్తే పని బలమున్నవాడికి చెప్పడం, అంతే. నేను ఐదింటినీ చిన్నవి చేసేసి ఎనభై హెర్ట్జ్ దగ్గర గీత గీశాను. మా ఆయన వచ్చి చూసి, తన జీతం తగ్గించినట్టు ముఖం పెట్టుకుని, బూట్లు వేసుకుని వాకింగ్‌కి వెళ్లిపోయారు.

గీత గీసినా సోఫాలో కూర్చుంటే దడదడ ఎక్కడా తగల్లేదు. ఊఫర్ వెనకున్న, చప్పుడు పెంచే మీట తిప్పాను. మరికాస్త తిప్పాను. ఇంటర్‌కమ్ మోగింది, గేటు దగ్గరి గార్డు.

"మేడమ్, నీచే సే కంప్లైంట్ హై. ఆవాజ్ కమ్ కీజియే." కింది నుంచి కంప్లైంట్ ఉంది, చప్పుడు తగ్గించమని.

మా కింద ఉన్నది ఒక్కటే ఇల్లు, దాని కింద కార్లు. ఆ ఇంట్లో ఒక పంజాబీ ఆంటీ, రిటైరైన ఆవిడ భర్త. అంటే ఫిర్యాదు ఆంటీదే. కాసేపటికి మా ఆయన వాకింగ్ ముగించుకుని వచ్చి, సంగతి విని, "పెద్దవాళ్లు కదా, పాపం" అన్నారు. మర్నాడు సాయంత్రం ఆయన వాకింగ్‌కి వెళ్లారు, నేను మీట తిప్పాను, ఇంటర్‌కమ్ మోగింది.

ఈసారి మా ఆయన తీర్పు కూడా వచ్చింది. "ఇంకొక్క కంప్లైంట్ వస్తే ఆ డబ్బా అటకెక్కుతుంది. ఆదివారం నీ సినిమా మామూలు టీవీ చప్పుడుతోనే చూద్దువుగాని."

ఆదివారం సినిమా కోసమే నేను ఏడాదంతా గొంతు చించుకున్నది. అటక మీదికి ఎక్కిన వస్తువు మా ఇంట్లో మళ్లీ దిగిన దాఖలా లేదు. మా పెళ్లినాటి కుట్టుమిషను ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏడవడం నాకు చేతకాదు, ఆలోచించాను. సోఫాలో మాకు వినపడనిది కిందివాళ్లకి వినపడుతోందంటే చప్పుడు పుడుతోంది, కానీ దారి తప్పుతోంది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నిలబడితే నిజంగానే గుండె అదిరింది. సోఫాలోకి వస్తే మళ్లీ ఖాళీ. మళ్లీ మాన్యువల్ తీశాను. గదిలో దడదడ వాననీళ్లలా గుంటలు గుంటలుగా నిలిచిపోతుందిట, మనం కూర్చున్న చోట గుంట లేకపోతే అంతే సంగతులట. మందు కూడా ఉంది: మనం కూర్చునే చోట ఊఫర్‌ని కూర్చోబెట్టాలి, అది తిరగాల్సిన చోటల్లా మనం తిరగాలి. చెవి నేలకి దగ్గరగా పెట్టుకుని. అంటే పాకుతూ.

శనివారం పొద్దున్న, మా ఆయన కూరగాయలకి వెళ్లగానే, నేను ఊఫర్‌ని సోఫా ఎక్కించాను. అత్తగారు దాన్ని ఎగాదిగా చూశారు. "పెళ్లికొడుకులా కూర్చుంది. శాలువా కప్పనా?"

"రిమోట్ పట్టుకోండి అత్తయ్యా, చాలు. నేను ఊ అన్నప్పుడల్లా ఆ ముక్కే మళ్లీ పెట్టండి."

ఆ ముక్క మృదంగం. చీర కుచ్చిళ్లు దోపుకుని గోడ వెంట పాకడం మొదలెట్టాను. నైరుతిలో గోల, అంతా ఒకటే మూలుగు. పడమటి గోడ మధ్యలో ఏమీ లేదు, మృదంగానికి ఒక పక్క చర్మమే లేనట్టుంది. బెల్లు మోగింది. అత్తగారు తలుపు తీశారు. మా గిన్నె తిరిగివ్వడానికి కింది ఆంటీ వచ్చింది.

ఈవిడతో పోట్లాడాలని రెండు రోజులుగా మాటలు పేర్చి పెట్టుకున్నాను. కానీ నాలుగు కాళ్ల మీద ఉన్న మనిషి పోట్లాడలేదు, ప్రయత్నించి చూడండి.

"అరే బేటా, క్యా ఢూంఢ్ రహీ హో?" ఏం వెతుకుతున్నావని.

"ఆవాజ్, ఆంటీజీ."

ఆంటీ గిన్నె బల్ల మీద పెట్టింది, కళ్లజోడు తీసి దాని పక్కన పెట్టింది, దుపట్టా నడుముకి చుట్టింది, "హాయ్ రబ్బా" అంటూ మోకాళ్ల మీదికి దిగింది. నేను ఇటు, ఆవిడ అటు. ఇద్దరం బల్ల కింద ఎదురుపడ్డాం. నాకు నవ్వాగలేదు, ఆవిడకీ ఆగలేదు. నవ్వితే పాకలేం, పాకితే నవ్వాగదు. ఆంటీ బాల్కనీ తలుపు దగ్గర ఆగిపోయి అరిచింది: "మిల్ గయా! ఇధర్ ఆ!"

దొరికిందిట. వెళ్లి చెవి పెట్టాను. ఎడమ చేతి వాయింపు, గుండ్రంగా, నిండుగా, ఒక్కో దెబ్బ విడివిడిగా. తెనాలి గోడ.

సరిగ్గా అప్పుడే మా ఆయన సొరకాయతో లోపలికొచ్చారు. సోఫాలో ఊఫర్, అత్తగారి చేతిలో రిమోట్, బాల్కనీ దగ్గర బోర్లాపడి ఇద్దరు ఆడవాళ్లు. తలుపు నంబరు సరిచూసుకుని మరీ లోపలికొచ్చారు.

అత్తగారు మాత్రం అడ్డం తిరిగారు. "అది ఆగ్నేయం. అక్కడ బరువేంటమ్మా?"

"ఇది బరువు కాదత్తయ్యా. కరెంటుతో నడిచేది అగ్ని కింద లెక్క. గ్యాసు స్టవ్ ఆగ్నేయంలో ఉండాలని ఎవరన్నారు? మీరేగా?"

అత్తగారు ఆలోచించారు. "అగ్నే" అని ఒప్పుకుని, ఇంకాస్త గోడకి జరపమన్నారు. జరపలేదు.

ఊఫర్‌ని అక్కడ పెట్టి, నేను సోఫాలో కూర్చుని మీట తగ్గిస్తూ వచ్చాను. చాలా తగ్గించాను. అయినా అరికాళ్ల దాకా వచ్చింది. ఇక కింద పరీక్ష. ఆంటీ మెట్లు దిగి వెళ్లి ఫోన్ చేసింది. "కుఛ్ నహీ ఆ రహా," ఏమీ రావట్లేదంది, దిగులుగా.

"దిగులెందుకు ఆంటీజీ? మీరే కదా కంప్లైంట్ చేశారు?"

"నేనా? ఎప్పుడూ లేదే! మా ఆయనకి చెవులే సరిగ్గా పనిచెయ్యవు. నేనైతే ఆ రెండు సాయంత్రాలూ నీ సినిమా కోసం వంటింట్లోనే కూర్చున్నాను. గిన్నెలు కదిలితే కొట్టుకుంటున్నారని, ఆగితే పాటొచ్చిందని తెలిసేది. ఇప్పుడు నా కథ ఏమవ్వాలి?"

గోడకి అవతలి పక్క నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. "రేపు పైకి రండి, సోఫాలో కూర్చుందురుగాని" అన్నాను. వచ్చింది, మొక్కజొన్న వేయించుకుని మరీ. ఉరుము ఉరిమినప్పుడు నా చెయ్యి గిల్లింది. ఇంటర్‌కమ్ మోగలేదు. డబ్బా అటకెక్కలేదు.

సోమవారం పాలకి వెళ్తూ గేటు దగ్గర గార్డుని అడిగాను, అసలు ఆ కంప్లైంట్ ఇచ్చిందెవరని. "కోయీ సాబ్ థే, మేడమ్. వాకింగ్ కర్ రహే థే" అన్నాడు, ఎవరో సాబుట, వాకింగ్ చేస్తూ చెప్పారుట, నా వెనక ఎవరో వస్తున్నట్టు చూపు తిప్పేసి.

ఈ సొసైటీలో వాకింగ్ చేసే సాబులు చాలామందే ఉన్నారు. కాని స్పీకర్లని చిన్నవి చేసిన రోజు నుంచీ అలిగి వాకింగ్ చేసిన సాబు ఒక్కరే. అడిగినప్పుడల్లా ఆయన రిమోట్ తీసుకుని వాల్యూమ్ సరిచేస్తుంటారు. అందుకని ఇక్కడే, నలుగురి ముందూ అడుగుతున్నాను: ఏవండీ, ఆ సాబు ఎవరండీ?