చింతగింజల లెక్క

ఎల్బీనగర్‌ల మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూసోని చింతపండుల గింజలు తీస్తున్న. జనాభా లెక్కలాయన వచ్చి, "ఈ బిల్డింగుల ఎన్ని ఇండ్లమ్మా?" అన్నడు.

"పన్నెండు" అన్న.

చేతిల గింజలు చూసేసరికి మా నల్గొండ పల్లె బడి యాదికొచ్చింది. ఊర్ల ఎన్ని ఇండ్లున్నయో, ఇంటికొక చింతగింజ లెక్కన తెమ్మన్నడు సారు. నేను గల్లీ గల్లీ తిరిగి, ఒడి నిండ తెచ్చి బల్ల మీద కుప్ప పోసిన. నా దోస్తు యాదమ్మ వాళ్ల మాదిగవాడ గింజలు పిడికిట్ల పట్టుకొచ్చి, ఆ కుప్పల కలపబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టిన.

"మీ ఇండ్లు ఊర్లకు రావు కదనే!"

కోపంతోని అనలే. మా నాయనమ్మ ఊరోళ్ల పేర్లు చెప్పేటప్పుడు ఎప్పుడూ వాడ ముందటి ఇంటికాడనే ఆగేది. ఊరు అక్కడికే అయిపోతదనుకున్న. యాదమ్మ పిడికిలి మూసుకుంది. సారు నా కుప్పనే లెక్కపెట్టిండు.

లెక్కలాయన పన్నెండని రాసుకోని గేటు దాక పోయిండు. పార్కింగ్ మూల రేకుల గదిలకెంచి వాచ్‌మన్ భార్య ఉరికొచ్చింది.

"సారూ, మేం గూడ ఈడనే ఉంటం. రాసుకోండ్రి."

నేను తల ఎత్తలే. గింజలు తీసుకుంటనే ఉన్న.