వదిన ఎర్రచీర, ఇద్దరు ఒంటరి హీరోలు

నిరుడు ఆగస్టు రెండో శనివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మా ఊరి వాగు చర్ల రోడ్డెక్కింది. గడియారం చూసి డైరీలో రాసుకున్నాను. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, రాయకుండా ఉండలేను. పదిన్నరకల్లా మిట్ట మీది మా ఇంటి చుట్టూ నీళ్లే. కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఇంట్లో నేనూ, మా ఆయన అక్కా. ఈ వదినకు షుగరు. రోజూ పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పడాలి. కొత్త సీసా ఆ రోజే భద్రాచలం నుంచి తెచ్చుకోవాలి. పాతదానిలో ఒక్క పూటకే ఉంది.

ఆ సంగతి ఎత్తకుండా ఇద్దరం వాదన పెట్టుకున్నాం. నేను నవలలు చదువుతాను, ఆమె సినిమాలు చూస్తుంది. ఒంటరిగా చిక్కుకున్న హీరోల్లో ఎవరు గట్టి?

“నవలల మనిషి గింజలు లెక్కపెట్టుకొని బతుకుతడు వదినా. నీ సినిమావోడు వారం తిండి లేకున్నా కొండెక్కుతడు. ఒంటరోడంటరు, ఎనక డప్పులు కొట్టెటోళ్లు యాభై మంది!”

“మీవోడేం తక్కువ? తినడానికి తిండుండదు గని రాసుకోడానికి సిరా ఉంటది. నాలుగొందల పేజీలు గట్లనే కూసుంటడు. మావోడు ఇంటర్వెల్‌కల్లా లేస్తడు, టీచరమ్మా.”

సాయంత్రం సీసా ఖాళీ అయింది. ఆదివారం పొద్దుటి పూట తప్పింది. పదకొండు గంటలకు వదిన నోరు ఎండుతోందంటూనే చీర కుచ్చిళ్లు దోపుకొని మెట్లు దిగింది, ఈదుతుందట! వయసు డెబ్బై నాలుగు. రెక్క పట్టి లాగాను.

“మీవోడైతే ఏంజేస్తడో చెప్పు మరి!”

“ఎత్తు మీద గుడ్డ కడతడు.”

దూరానికి ఏ రంగు కనబడుతుందో పిల్లలకు చెప్పినదాన్నే కదా. పెట్టెలోంచి ఆమె ఎర్రచీర తీసి, డాబా మీది డిష్ గొట్టానికి కట్టాను. పదకొండు పది. నలభై ఎనిమిదేళ్లుగా ఈ అడవి అంచున ఉంటున్నాను, ఇంటి మీద ఎర్రగుడ్డ ఎగిరితే ఇక్కడ నక్సలైట్ల జెండా అనుకుంటారని ఒక్క క్షణమైనా తట్టలేదు.

యాభై నిమిషాల్లో అవతలి పోలీసు క్యాంపు నుంచి పడవ వచ్చింది. ఆరుగురు మనుషులు, ఐదు తుపాకులు.

“ఎవలు కట్టిండ్రు గా జెండా?”

మెట్ల మీదికొచ్చిన ఎస్సై అడిగాడు. వదిన ముందుకొచ్చింది. “జెండా కాదు నాయనా, నా చీర. అంచు సూడు. నాకు సూది మందు అయిపోయింది, జల్దీ దవాఖానాకు తీస్కపో.”

ఆయన నిజంగానే డాబా ఎక్కి అంచు చూశాడు. ఖాళీ సీసా కూడా చూశాడు. చీర విప్పి మడతపెట్టి తనే ఉంచుకొని, మమ్మల్ని పడవెక్కించాడు. వదిన తుపాకుల మధ్య దర్జాగా కూర్చుంది.

“సూసినవా? పడవ, తుపాకులు. ఇది మా సినిమానే.”

“గుడ్డ కట్టింది నేను.”

“అవ్, కట్టినవ్. ఎవలొస్తరో తెల్వకనే కట్టినవ్!”

ఒంటిగంట ఐదుకు దవాఖానాలో సూది పడింది. బుధవారం ఇంటికొచ్చి డైరీలో రాసినది:

పోయినవి: ఇన్సులిన్ ఒక పూట. కోళ్లు మూడు. వదిన కుడి చెప్పు. ఎర్రచీర ఒకటి, అడిగినా తిరిగి రాలేదు.