పదివేలకొక్క కత్తి

వాన పడిన మరునాడు వజ్రకరూరు చేలల్లో తిప్పమ్మ వజ్రాల కోసం వంగి రాళ్లు ఏరుతుంటే, కొడుకు ఓబిలేష్ గట్టు మీద కూర్చుని ఫోన్ ఆటలో ఒకే రాక్షసుణ్ణి మళ్లీ మళ్లీ చంపుతుంటాడు. చెమట పట్టిన బొటనవేలిని మాటిమాటికీ చొక్కాకు తుడుచుకుంటాడు. ఆ రాక్షసుణ్ణి చంపినప్పుడు, అదృష్టం ఉంటే, పదివేలలో ఒకసారి ఎర్రకత్తి దొరుకుతుందట. "ఇన్నిసార్లయినాక ఇంక దగ్గర్లోనే ఉండాదిలేరా," అంటుంది, ముప్పై ఏళ్లుగా ఒక్క వజ్రమూ దొరకని తల్లి. "అట్ల కాదుమా, ఎన్నిసార్లు చంపినా ప్రతిసారీ అదృష్టం మొదటిసారి మాదిరే," అంటాడతను.

ఈ ఉదయం కత్తి దొరికింది. "అమా!" అని కేకేస్తూ లేచాడు. ఆమె అప్పుడే ఒక రాయిని కొంగుతో తుడిచి, ఎండకు పట్టి చూసి, పారేసింది.

"ఏంరా, దొరికినాదా?"

ఓబిలేష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "యాడ దొరుకుతాదిమా," అని, ఆమె పక్కన వంగి రాళ్లు వెతకసాగాడు.